సంచి మీద చెయ్యి

ఆ దీవిలో ఎవరు ఎంత పాపం చేశారో దేవుడికన్నా ముందు రేవు దగ్గరి కొట్టాయనకి తెలిసిపోయేది.

దీవి అంతా రాయే. ఇల్లు కట్టుకోవడానికి పనికొస్తుంది గానీ మనిషిని పాతిపెట్టడానికి పనికిరాదు. గునపం వేస్తే నిప్పురవ్వలు లేస్తాయి తప్ప మట్టి రాదు. అందుకే ఎప్పుడో, ఇప్పుడు బతికున్నవాళ్ళెవరూ చూడని ఒక విచారణ గురువు, అంటే గుడి ఫాదర్, ఒక ఏర్పాటు చేశాడు. తన చెవిలో పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనానికి వచ్చినవాళ్ళ చిన్నాచితకా తప్పులకి జపమాల చెప్పుకోమనేవాడు. కాస్త బరువైన వాటికి శిక్షగా మట్టి వేసేవాడు. ఒక సంచి, రెండు సంచులు, అయిదు సంచులు. అవతలి ఒడ్డున తవ్వుకుని, పడవలో తెచ్చుకుని, రేవు నుంచి తొంభై నాలుగు మెట్లు భుజాన మోసుకెళ్ళి గుడి వెనక సమాధుల తోటలో పొయ్యాలి. ఆయన తెలివికి దండం పెట్టాలి. బతికున్నవాళ్ళ తప్పులతో చచ్చినవాళ్ళకి పక్క పరిచాడు.

ఆ గురువు పోయాడు. ఆయన తర్వాత పదిమంది మారారు. మట్టి మాత్రం మారలేదు. ఫాదర్ చెవిలో చెప్పిన మాట బయటికి పొక్కదు, అది నిజమే. కానీ సంచులు పొక్కుతాయి కదా! కొట్టాయన తలుపు వెనక సుద్దముక్కతో ఒక్కో సంచికీ ఒక్కో గీత గీసేవాడు. "ఒకళ్ళ సంగతి మనకెందుకండీ" అంటూనే గీసేవాడు. మూడు గీతలైతే తాగి పెళ్ళాన్ని కొట్టాడని అర్థం. అయిదు దాటితే ఎవరిదో కాపురం కూలిందని అర్థం. ఇప్పటిదాకా పద్నాలుగు దాటినవాడు లేడు. ఆ పద్నాలుగు మోసినవాడు ముసలి తండ్రిని పస్తులుంచి చంపాడని ఊరంతా ఏకగ్రీవంగా తేల్చేసింది.

మోసేవాళ్ళకి మంచినీళ్ళు ఇవ్వొచ్చు, జాలి పడొచ్చు. సంచికి మాత్రం చెయ్యి వెయ్యకూడదు. వేస్తే పాపంలో వాటా తీసుకున్నట్టే. ఒకసారి ఎవరో కొత్తల్లుడు, అత్తగారు ఆయాసపడుతుంటే చూడలేక సంచి కింద చెయ్యి పెట్టాడు. అత్త చేసిన పనిలో అల్లుడి వాటా ఏమిటా అని ఊరు ఏడాదిపాటు పడీపడీ నవ్వింది. ఆ కుర్రాడు రేవు వైపు రావడమే మానుకున్నాడు.

అలాంటి దీవిలో గంజమ్మ మొగుడు మట్టి మొయ్యడం మొదలుపెట్టాడు.

గంజమ్మ అసలు పేరు గుడి పుస్తకంలో ఎక్కడో ఉంటుంది. పద్దెనిమిదేళ్ళుగా గుడిలో పీఠం మీది గుడ్డలు ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసేది ఆవిడే కాబట్టి ఊరికి గంజమ్మ. మొగుడు పడవల ఇంజన్లు బాగుచేస్తాడు, ఊరికి మేస్త్రీ. నోట్లో నాలుక లేని మనిషి. ఇంజన్‌తో తప్ప ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడి ఎరగడు. పిల్లలు లేరు. గంజమ్మకి పిల్లాడైనా, తోడబుట్టినవాడైనా తమ్ముడే. ఆమెకన్నా పన్నెండేళ్ళు చిన్న. వాణ్ణి తల్లీ, అక్కా, ఊరూ కూడా చిన్నోడు అనే పిలిచేవాళ్ళు.

చిన్నోడు పోయి అయిదు నెలలైంది. బాగుచేసిన ఇంజన్‌ని నడిపి చూడటానికి మేస్త్రీ ఒకరోజు పొద్దున్నే పడవ వేసుకెళ్ళాడు. చుక్కాని పట్టడానికి చిన్నోడు వెళ్ళాడు. వెళ్ళింది ఇద్దరు, వచ్చింది ఒక్కడు. దూరంగా పెద్ద ఓడ పోయిందనీ, దాని కెరటానికి పడవ ఒరిగిందనీ, కుర్రాడు జారిపోయాడనీ మేస్త్రీ చెప్పాడు. మూడోరోజున శవం ఒడ్డుకి కొట్టుకొచ్చింది. అవతలి నుంచి పోలీసులు వచ్చి ప్రమాదమని రాసుకుని వెళ్ళిపోయారు. గంట మోగింది, పూజ జరిగింది, సమాధుల తోట గోడ లోపల మంచి చోటే దొరికింది. తల్లి మాత్రం శవం మెడ తడిమి తడిమి "పతకం ఏదర్రా?" అని అడుగుతూనే ఉంది. చిన్నప్పుడు గుడిలో తొలి సత్ప్రసాదం తీసుకున్న నాడు తానే కట్టిన మరియమాత పతకం అది. దీవిలో మగవాళ్ళెవరూ నిద్రలో కూడా దాన్ని తియ్యరు. సముద్రం తీసుకుని ఉంటుందిలే అని నలుగురూ సర్దిచెప్పారు.

ఆ రోజు సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉందన్న సంగతి అప్పుడు ఎవరూ అనలేదు. మేస్త్రీ సంచి భుజానికెత్తుకున్నాకే అందరికీ ఒక్కసారిగా గుర్తొచ్చింది.

ఈస్టరు ముందరి తపస్సు కాలం మొదట్లో అతను పాపసంకీర్తనానికి వెళ్ళొచ్చాడు. మర్నాటి పడవలో ఒక సంచి. రెండు రోజులాగి మరొకటి. మూడోది. ఏదో మాట తూలి ఉంటాడని గంజమ్మ పెద్దగా పట్టించుకోలేదు. భుజం ఒరుసుకుపోతే కొబ్బరినూనె రాసింది కూడా. అయిదు దాటాయి. పది దాటాయి. నూనె రాస్తూ ఆమె కూడా సంచులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పద్నాలుగు దాటిన రోజున కొట్టాయన గీతల కింద ఇంకో వరస మొదలుపెట్టాడు. గంజమ్మ ఉప్పు కొనడానికి వెళితే తలుపు గబుక్కున వెనక్కి నెట్టేశాడు. అలా నెట్టకపోయి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం అన్నం పెడుతూ అడిగింది.

"ఇంకా ఎన్నండీ?"

"తెలీదు."

"తెలీకపోవడమేంటి? ఫాదర్ లెక్క చెప్పకుండా వేస్తారా?"

అతను కలిపిన ముద్దని మళ్ళీ కంచంలో పెట్టేశాడు. "అడక్కు" అన్నాడు.

"నా తమ్ముడి గురించేనా?"

"అడక్కన్నానా!"

పదహారేళ్ళ కాపురంలో అతను గొంతు పెంచడం అదే మొదలు. అన్నం సగంలో వదిలేసి లేచి వెళ్ళిపోయాడు. గంజమ్మ ఆ కంచం ముందే కూర్చుండిపోయింది. అడగాల్సింది ఒక్కటే ప్రశ్న. నా తమ్ముణ్ణి నువ్వేమైనా చేశావా? దానికి అవునంటే తను బతకలేదు. కాదంటే నమ్మగలదో లేదో తనకే తెలియదు. కట్టుకున్నవాడూ తోడబుట్టినవాడూ ఇద్దరూ ఒక్క పడవలో వెళితే, ఒక్కణ్ణి సముద్రం తీసుకుంది, రెండోవాణ్ణి అనుమానం తీసుకుపోతోంది. ఆమెకి ఇక మిగిలేదెవరు?

మంట పెట్టడానికి తల్లి ఉండనే ఉంది. తల్లి ఇల్లు మెట్ల మధ్యలో, సరిగ్గా మోసేవాళ్ళందరూ ఆగి ఊపిరి పీల్చుకునే చోట ఉంది.

"చూశావా పెద్దదానా, మట్టి ఎక్కడ పోస్తున్నాడో? అందరూ పోసే కుప్పలో కాదు. చిన్నోడి మీదే పోస్తున్నాడు. గంపెడు గంపెడు. నా కొడుకు లేచొచ్చి చెబుతాడని భయమా ఏంటి?"

"అమ్మా, ఊరుకో."

"నేను ఊరుకుంటాను. ఊరు ఊరుకుంటుందా? నిప్పు లేందే పొగ రాదే పిచ్చిమొహమా."

గంజమ్మ గుడి వెనక్కి వెళ్ళి చూసింది. నిజమే. మిగతా సమాధులు మోకాటి లోతు మట్టికింద మునగదీసుకుని ఉంటే, చిన్నోడిది ఒక్కటే మెత్తగా, ఎత్తుగా పెరిగి ఉంది. ఆ రాత్రి నుంచి మొగుడి భుజానికి నూనె రాయడం మానేసింది. అతను అడగలేదు. పుండు చొక్కాకి అంటుకుని ఊడొస్తుంటే పళ్ళు బిగబట్టుకునేవాడు.

ఇరవై ఆరో సంచి నాడు ఆమె కత్తెర మరమేకు వదులైంది. బిగించుకుందామని మొగుడి పనిముట్ల పెట్టె తెరిచింది. స్పానర్ల అడుగున, ఇంజన్ తుడిచే నూనెగుడ్డలో చుట్టిన పొట్లం ఒకటి చేతికి తగిలింది. విప్పితే లోపల తెల్ల చేతిరుమాలు. దాన్ని విదిలించింది. చిన్నోడి గడియారం నేలమీద పడింది. దాని వెనకే, నూలు దారంతో సహా, మరియమాత పతకం.

ఆమె ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. చేతిలో ఉన్నది ఉన్నట్టు పట్టుకుని తల్లి ఇంటికి పరుగెత్తింది. తమ్ముడి మెడలోంచి పతకం లాగేసుకుని, చేతి గడియారం ఒలుచుకుని, నీళ్ళలోకి తోసేశాడు. ఆ మెట్లు దిగుతున్నంతసేపూ ఆమె కళ్ళముందు కనబడింది అదే. కాస్త నిదానించి ఉంటే, ఒక పాత గడియారం కోసం మనిషిని చంపేవాడు దాన్ని అమ్ముకోకుండా పెట్టెలో ఎందుకు దాచుకుంటాడన్న ముక్క తట్టేది. కోపానికి కళ్ళుండవు, శోకానికి అసలే ఉండవు.

తల్లి ఏడవలేదు. పతకాన్ని కళ్ళకద్దుకుని తన మెడలో కట్టుకుంది. గడియారం పెట్టెలో పెట్టుకుంది. చేతిరుమాలుని "అది నాకెందుకు" అని కూతురి ఒళ్ళో పడేసింది.

ఆదివారం పూజ అయ్యాక, జనం గుడిమెట్ల మీద ఉండగా, ఆమె అల్లుడి ఎదురుగా వెళ్ళి నిలబడింది. పతకాన్ని ఎత్తి చూపించింది.

"ఇది నీ పెట్టెలోకి ఎలా వచ్చిందిరా?"

అల్లుణ్ణి ఏనాడూ "బాబూ" అని తప్ప పిలవని మనిషి. మేస్త్రీ పతకం వంక చూశాడు. తర్వాత పెళ్ళాం వంక చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే గంజమ్మ తట్టుకునేది. అందులో ఉన్నది భయం.

"చెప్పు! కెరటం వచ్చి నా కొడుకు మెడలోంచి ఒలిచి నీకిచ్చిందా?"

అతను నోరు విప్పలేదు. ఆమె అతని మొహం మీద ఉమ్మింది. అతను తుడుచుకోలేదు కూడా. ఫాదర్ గుమ్మంలోకి వచ్చి "అమ్మా, ఇంటికి వెళ్ళండి" అన్నాడు గానీ, ఎవరి మొహమూ చూడకుండా నేల చూస్తూ అన్నాడు. మౌనం అర్ధాంగీకారమని పెద్దలు అన్నారు కదా. ఊరు మిగతా సగం కూడా కలుపుకుంది. సోమవారం నుంచి మేస్త్రీ చేతికి ఎవరూ ఇంజన్ ఇవ్వలేదు. రేవులో అతను కూర్చున్న బల్ల మీద ఎవరూ కూర్చోలేదు. గంజమ్మ రెండు జతల బట్టలు సర్దుకుని తల్లి ఇంటికి వెళ్ళిపోయింది. అతను మాత్రం పడవ వచ్చిన రోజల్లా సంచి మోస్తూనే ఉన్నాడు. ఆ మెట్టు దగ్గరికి రాగానే అత్తగారు కడుగునీళ్ళు కాళ్ళ ముందు పారబోసేది. తడి రాతిమీద జారకుండా ఒక్కో అడుగూ చూసుకుని వేసేవాడు.

రెండు వారాలు గడిచాయి. ఒక గురువారం పొద్దున గంజమ్మ గుడి పక్కగదిలో ఇస్త్రీ చేస్తోంది. పీఠం గుడ్డలయ్యాయి. పూజలో పాత్ర తుడిచే చిన్న గుడ్డలు మిగిలాయి. వాటిని ఎలా పడితే అలా మడవకూడదు. ముందు పొడుగ్గా మూడు మడతలు, తర్వాత అడ్డంగా సగానికి ఒకటి. బుట్ట అడుగున ఆ చేతిరుమాలు కూడా ఉంది. ఉతికే ఉందనుకుని తల్లి ఇంటి నుంచి బట్టలతోపాటు ఎత్తుకొచ్చినట్టుంది. బల్లమీద పరిచింది. నీళ్ళు చిలకరించబోయి ఆగింది.

గుడ్డ మీద గీతలు ఉన్నాయి. నిలువుగా రెండు, అడ్డంగా ఒకటి. గంజి పట్టిన గుడ్డ కాబట్టి, ఆమె విదిలించినా, తల్లి విసిరినా, ఆ గీతలు చెరగలేదు. ఆ గంజి పెట్టింది తనే. గుడి గంజి మిగిలితే తమ్ముడి రుమాళ్ళకి పెట్టేది. వాడు చిన్నప్పుడు పూజలో ఫాదర్ పక్కన నిలబడేవాడు. ఈ మడత వాడికి నేర్పింది తనే, ఈ బల్ల దగ్గరే. అప్పటి నుంచీ వాడు రుమాలుని అలాగే మడిచి జేబులో పెట్టుకునేవాడు. "మా చిన్నోడు ముక్కు చీదినా పూజ చేసినట్టే ఉంటుంది" అని తను ఎన్నిసార్లు నవ్విందో. మేస్త్రీకి రుమాలంటే ఉండచుట్టి ఇంజన్ సందులో దోపేది. మూడు మడతలని అతని తలమీద కొట్టి చెప్పినా రాదు.

ఒకడి దగ్గర లాక్కున్న వస్తువుల్ని ఎవడూ ఇలా మడిచి పెట్టడు. పతకం దారం కూడా తెగలేదు. తల్లి వేసిన ఆ ముడి విప్పాలంటే రెండు చేతులూ కావాలి, ఓపికా కావాలి. చిన్నోడు కూర్చుని, ముడి విప్పుకుని, గడియారం తీసి, రుమాల్లో పెట్టి, పూజపాత్ర గుడ్డని మడిచినంత పద్ధతిగా మడిచాడు. మరియమాత బొమ్మని తనతోపాటు ఆ పనికి తీసుకుపోవడం ఇష్టంలేక పడవలోనే పెట్టి నీళ్ళలోకి వెళ్ళాడు.

గంజమ్మ బల్ల పట్టుకుని కూర్చుంది.

పోవడానికి వారం ముందు వాడు ఈ గదిలోకే వచ్చాడు. కిటికీలో కూర్చుని, "నిద్ర పట్టట్లేదక్కా. నెలయింది" అన్నాడు. తను ఇస్త్రీ మీంచి తలెత్తకుండా, "పెళ్ళి చేసుకో, అదే పడుతుంది. నిద్ర పట్టిందో లేదో చూసుకునే తీరికే ఉండదు" అంది. వాడు నవ్వాడు. తనూ నవ్వింది. వాడు ఇంకాసేపు కూర్చుని, ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయాడు. ఆ ఇంకాసేపు ఎందుకు కూర్చున్నాడో ఇన్ని నెలల తర్వాత ఇప్పుడు తెలిసింది. ఆమె నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చింది.

కిటికీలోంచి సమాధుల తోట గోడ కనిపిస్తుంది. గోడ అవతల, సముద్రం వైపు, మట్టి లేనిచోట రాళ్ళు పేర్చిన కుప్పలు రెండు ఉన్నాయి. తమ ప్రాణం తామే తీసుకున్నవాళ్ళవి. వాళ్ళకి గంట మోగలేదు, పూజ జరగలేదు. ఇప్పటి ఫాదర్ అయితే లోపలే పెట్టమంటాడు. కానీ ఆ గోడ ఫాదర్ కట్టింది కాదు, ఊరు కట్టింది. ఆ రెండు కుప్పల్లో ఒకటి తల్లికి స్వయానా అక్కది. తల్లి ఆ వైపు మొహం తిప్పి నలభై ఏళ్ళయింది. నా కొడుకు పూజ అందుకుని, గంట విని, దేవుడి దగ్గరికి వెళ్ళాడన్న ఒక్క మాట మీదే ఆవిడ ఇప్పుడు బతుకుతోంది.

రేవులో పడవ గంట వినిపించింది. గంజమ్మ మొహం కడుక్కుని, రుమాలుని పాత గీతల మీదే మళ్ళీ మడిచి, చేతిలో పట్టుకుని మెట్లు దిగింది. తల్లి ఇంటి ముందునుంచే దిగింది. తల్లి గుమ్మంలో బకెట్టు పెట్టుకుని సిద్ధంగా ఉంది.

ముప్పయ్యో మెట్టు మీద మేస్త్రీ కూర్చుని ఉన్నాడు. పక్కన సంచి. మనిషి సగమైపోయాడు. చొక్కా భుజం దగ్గర గోధుమరంగు మరక గట్టిపడి ఉంది. కింద కొట్టు దగ్గర నలుగురు లేచి నిలబడి మరీ చూస్తున్నారు.

"ఏమండీ" అంది. అరచెయ్యి చాపి చూపించింది. "ఇది మీరు మడవలేదు."

అతను రుమాలు వంక చూశాడు.

"నేనేం చూళ్ళేదు" అన్నాడు మెల్లిగా. "ఇంజన్లో తల పెట్టి ఉన్నాను. పిలవనైనా పిలవలేదు. తలెత్తేసరికి పలకమీద అదుంది. వాడు లేడు. దూకాను, ఈదాను... ఎక్కడా లేడు."

"కెరటం అన్నారు కదా."

"మరేమనమంటావ్? వాణ్ణి గోడ అవతల పెట్టేవాళ్ళు. మీ అమ్మ ఏమైపోయేది?"

"నాకైనా చెప్పాల్సింది కదండీ. నాకు."

"నీకు చెబితే నీ మొహం చూసి మీ అమ్మ కనిపెట్టేస్తుంది. నీకు అబద్ధం రాదు."

ఆమె రుమాలుని కొంగున ముడేసుకుంది. "ఫాదర్ ఎన్ని వేశారు?"

"మూడు. అబద్ధమాడినందుకు."

"మరి ఇన్ని?"

"అవి వాడివి" అన్నాడు మేస్త్రీ. "వాడు వెళ్ళి చెప్పుకోలేదు కదా. చెప్పుకుంటే ఎన్ని పడేవో నాకు తెలీదు. తెలీనప్పుడు ఎక్కడ ఆపను?"

అతను ఒక చేతిని మెట్టుకి ఆనించి లేచాడు. సంచి భుజానికెత్తబోయి తూలాడు. గంజమ్మ వంగి సంచి రెండో కొస పట్టుకుంది.

కింద కొట్టు దగ్గర ఎవరో "అయ్యో" అన్నారు.

"చెయ్యి తియ్యి" అన్నాడు మేస్త్రీ కంగారుగా. "చూస్తున్నారు. పిచ్చా నీకు? తియ్యి."

"చూడనివ్వండి. నిద్ర పట్టట్లేదని వాడు నాతో చెప్పాడు. నేను నవ్వి పంపించాను. ఇందులో నా వాటా నాకుంది."

"ఇద్దరం కలిసి చంపామంటారు."

"అననివ్వండి."

ఇద్దరూ సంచి చెరో కొసా పట్టుకుని ఎక్కారు. ముప్పై అయిదు. నలభై. తల్లి గుమ్మం వచ్చింది. తల్లి బకెట్టు ఎత్తలేదు. కూతురి చేతి వంకే చూస్తోంది.

"చెయ్యి తియ్యవే" అంది.

గంజమ్మ తియ్యలేదు.

"పెద్దదానా. నీకు దండం పెడతాను. తియ్యవే చెయ్యి."

ఒక్క మాట చాలు. ఒక్క మాటతో తన మొగుడు నిర్దోషి అవుతాడు, తనకి తల్లి మిగులుతుంది. ఆ మాట గొంతుదాకా వచ్చింది. తల్లి చెయ్యి అలవాటుగా మెడలోని పతకం మీదికి వెళ్ళింది, వేళ్ళు దాన్ని తడిమాయి. గంజమ్మ ఆ మాట మింగేసింది.

"తియ్యనమ్మా."

"అయితే నీకు ముందే తెలుసా?" తల్లి గొంతు గాలికి కూడా వినబడనంత చిన్నదైపోయింది. "నా కడుపున పుట్టి, నా కొడుకుని... ఇద్దరూ కలిసేనా?"

గంజమ్మ తల్లి కళ్ళలోకి చూసింది. నలభై ఏళ్ళుగా ఆ కళ్ళ ముందు ఏ సంగతీ దాచలేకపోయిన మొహం అది. ఆ మొహంలో ఇప్పుడు ఏమీ లేదు. మేస్త్రీ పొరబడ్డాడు. అబద్ధం ఎలా ఆడాలో ఆమెకి ఆ మెట్టు మీద వచ్చేసింది.

తల్లి వెనక్కి జరిగింది. వాళ్ళ నీడ కూడా తనమీద పడకుండా గోడకి అతుక్కుపోయింది. తర్వాత లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. గడియ పెట్టిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది. కూతురి రెండు జతల బట్టలు లోపలే ఉండిపోయాయి.

"ఇంకా ఎన్ని మెట్లండీ?" అంది గంజమ్మ కాసేపటికి.

"యాభై పైనే. నీకు బరువుగా ఉందేమో, నా వైపు వంచు."

"వద్దు" అంది. తన కొసని ఇంకాస్త పైకెత్తి పట్టుకుంది.